గుట్టు కాపలా

పూర్వం కోలంకి పట్నంలో కూలికి కాపలా కాసే దళాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. దాంతో నగరాధికారి అయ్యపరాజు, కాపలావాళ్లంతా ఎర్ర తలపాగా చుట్టి, తప్పెట కొడుతూ తిరగాలని కట్టడి చేశాడు. మర్నాడే ఆ దళాల్లో ఒకదాని నాయకుడు భైరవప్ప మీసం దువ్వుకుంటూ కచేరీకి వచ్చాడు.

"మాకు ఆ కట్టడి వద్దు ప్రభూ! మావాళ్లు మారువేషాల్లో గుట్టుగా తిరుగుతారు. ఏ వీధికి మా కాపలా ఉందో నాకూ, ఆ వీధి పెద్దకూ తప్ప నరమానవుడికి తెలీదు. అయినా చూడండి, ఏడాదిగా దొంగలు మా వీధుల జోలికే రాలేదు. పడ్డ కన్నాలన్నీ పక్క వీధుల్లోనే!"

అయ్యపరాజు మురిసిపోయి, సరేనని మినహాయింపు పత్రం మీద ముద్ర వేయబోయాడు. కచేరీకి మంచినీళ్ల కుండలు తెచ్చిన కుమ్మరి గవరమ్మ అదంతా వింటూనే ఉంది.

"బాబయ్యా, నాదో సందేహం," అంది. "ఆ సంగతి నరమానవుడికి తెలీదంటున్నాడు కదా. మరి ఏ వీధి వదిలెయ్యాలో దొంగలకు ఎవరు చెప్పినట్టు?"

భైరవప్ప చెయ్యి మీసం మీదే ఉండిపోయింది. అయ్యపరాజు నెత్తిన పిడుగు పడ్డట్టయింది. "పట్టుకోండి వీణ్ణి!" అని అరవబోయి, చటుక్కున తాళాల కోసం నడుం తడుముకున్నాడు. వారం కిందటే ఖజానా కాపలా కూడా వీళ్లకే అప్పజెప్పి, తాళాలు తన చేత్తోనే ఇచ్చాడు మరి!