మేక ముట్టని దడి

అనగనగా ఒక ఊళ్ళో, మనుషులకంటే మేకలే ఎక్కువున్న ఊళ్ళో, నరసాయమ్మ అని ఓ కోడలుండేదిట. ఊ కొట్టండర్రా, నేను గోడకి చెప్పడం లేదు.

ఆవిడ పెరట్లో వంగ, బెండ, ఆనపపాదు. చుట్టూ అడ్డసరం దడి. ఎండైనా వానైనా పచ్చగానే ఉంటుంది. ఆకు చేదు విషం. మేక వాసన చూసి, తుమ్మి, తన దారిన తాను పోతుంది. అత్తగారికి దగ్గొచ్చి ఊపిరాడకపోతే నరసాయమ్మ ఆ ఆకులే కోసి, మిరియాలు వేసి కషాయం కాచేది. ముసలమ్మ హాయిగా నిద్రపోయేది.

మొగుడున్నాడు చూశారూ, సింహాద్రి, వాడితోనే వచ్చింది చావు. తొలకరి పడగానే దడి దగ్గర నిలబడి ఆలోచించాట్ట. వాడు ఆలోచిస్తే నరసాయమ్మ గుండెల్లో రాయి పడేది. మేక కూడా ముట్టని మొక్క మనకెందుకని మొత్తం పీకి పెంటకుప్ప మీద పారేశాడు. మేకలకి ఇష్టమని అవిసె నాటాడు! నరసాయమ్మ వద్దు మొర్రో అంటే, నా కొడుకు తెలివి నీకెక్కడిదే అని అత్తగారు కసిరింది. చెప్పీ చెప్పీ ఈవిడ నోరు నొప్పెట్టింది.

ఇంకేముంది! అవిసె చిగురేసిందో లేదో మేకలొచ్చాయి. అవిసె అయ్యాక వంగ, వంగ అయ్యాక బెండ, బెండ అయ్యాక ఆనపపాదు, పాదయ్యాక తాడుమీద ఆరేసిన సింహాద్రి పంచె! ఊ కొడుతున్నారా, నిద్రోయారా?

అంతలో ముసురు పట్టింది. అత్తగారు దగ్గి దగ్గి కళ్ళు తేలేసింది. ఆకు కావాలి, ఆకేదీ? సింహాద్రి ఏడుపు లంకించుకున్నాడు. ఏడిస్తే ఆకొస్తుందా? నరసాయమ్మకి ఒళ్ళు మండి, వాణ్ణి పెంటకుప్ప దగ్గరికి లాక్కెళ్ళింది. అక్కడ గడ్డీ గాదం అంతా మేకలు నాకేశాయి. వాడు పారేసిన అడ్డసరం కొమ్మలు మాత్రం వానకి వేరూని, చిగుళ్ళేసి నిక్షేపంగా ఉన్నాయి.

మేక ముట్టనిది మా అమ్మకి పోస్తావా అని ఇంకా అడుగుతున్నాడుట వాడు!

"మేక ముట్టలేదు కాబట్టే మీ అమ్మకి మిగిలిందయ్యా!" అని అరిచింది నరసాయమ్మ.

కషాయం తాగి ముసలమ్మ తేరుకుంది. మొహం వికారంగా పెట్టినా, కోడలి చెయ్యి మాత్రం వదల్లేదుట. దడి మళ్ళీ సింహాద్రి చేతే నాటించారు. అందరూ సుఖంగా ఉన్నారు. చేదని పారేసుకుంటే చివరికి పెంటకుప్ప మీద వెతుక్కోవాలి, తెలిసిందా?

కథ కంచికెళ్ళింది, మనం మాత్రం మంచం మీదే ఉన్నాం. ఒరేయ్ బుజ్జీ, ఆ గ్లాసులోది కిటికీలోంచి పారబొయ్యకుండా తాగి పడుకో. నిన్న నేను చూడలేదనుకున్నావా?