వాడని తుమ్మిపువ్వు

ఇది వాడిపోవాలి కదా, మూడు రోజులైంది, ఎండ నిప్పులు చెరిగింది, గాలి గట్టుమీది ఇసుకనంతా ఎత్తిపోసింది, అయినా ఈ తుమ్మిపువ్వు ఇప్పుడే కోసినట్లు తెల్లగా ఎందుకుంది, నేను దాన్ని చూస్తున్నానా, అది నన్ను చూస్తున్నదా అనుకుంటూ, పినాకినీ నదీతీరంలో మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నిలబడి ఉన్నాడు ఆర్జవ మహర్షి.

పూర్వం, ద్వాపరం ఇంకా పిన్నవయసులో ఉన్ననాటి మాట ఇది. తపోధనుడూ శివధ్యానపరాయణుడూ అయిన ఆ మహర్షి నలభై ఏళ్ళుగా ప్రతి ఉదయం నదిలో స్నానమాడి, తడి ఇసుకతో జానెడు లింగాన్ని చేసి, దోసిట ఒక తుమ్మిపువ్వు పట్టుకుని, తన హృదయంలో వెలిగే పరమేశ్వరుణ్ణి ఊపిరి వెంట ఆ పువ్వులోకి ఆవాహన చేసి, దాన్ని లింగం మీద ఉంచి అర్చించేవాడు. పూజ ముగియగానే ఉద్వాసన. అదే పువ్వును తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఊపిరి లోపలికి పీల్చి, స్వామిని మళ్ళీ హృదయంలో చేర్చుకునేవాడు. ఆ తరువాతే ఇసుకను నదిలో కలిపేవాడు. నలభై ఏళ్ళలో ఒక్కనాడూ ఈ వరుస తప్పలేదు.

తప్పింది మూడు రోజుల కిందట. పూజ ముగిసే వేళకు, వేటనుంచి మరలుతూ హేమకేతు మహారాజు అటుగా వచ్చాడు. ఏడు దేవాలయాలు కట్టించిన ఆ భూపతి ఇసుకలింగం ముందు నిలువునా ఆగిపోయాడు.

"మహర్షీ, మా నగరంలో వెయ్యి స్తంభాల నడుమ వెతికాను, స్వామి నాకు ఒక్కనాడూ దొరకలేదు. ఈ ఇసుకలో ఉన్నాడు. చూడండి, నా ఒళ్ళు ఎలా గగుర్పొడుస్తున్నదో!"

"అది తమ భక్తి, రాజా."

"నాకంత భక్తి ఉంటే వేటకెందుకు వెళ్తాను? ఇది తమ శక్తి. దీన్ని నదిలో కలపకండి. నాలుగోనాటికి శిల్పులతో వస్తాను. ఇక్కడే గుడి లేస్తుంది. గర్భాలయం గడప మీద తమ పేరు ఉంటుంది."

పువ్వు తీయబోయిన మహర్షి చేయి వెనక్కు వచ్చింది. గుర్రాల డెక్కల చప్పుడు అణగిపోయేదాకా 'తమ శక్తి' అన్న ఆ ఒక్క మాటను నెమరువేస్తూ కూర్చుని, ఉద్వాసన చేయకుండానే లేచి ఆశ్రమానికి నడిచాడు.

రోజూ ఎదురువచ్చే జింక ఆనాడు ఆయన ముఖం దగ్గర చూపు ఆపలేదు. ఆయనలోంచి అవతలి చెట్లను చూసింది. జపానికి కూర్చుంటే నామం పెదవి దాటి, లోపల ఎక్కడో గోడకు తగిలి, ఒక క్షణం ఆలస్యంగా తిరిగి వచ్చింది. మళ్ళీ పలికాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆయన పలకకముందే వచ్చింది.

ధర్మపత్ని సుశమ ఆయన ఎదురొమ్మున చెవి ఆనించింది.

"ఆర్యా, చప్పుడు లేదు."

"ముసలి గుండె. మెల్లగా కొట్టుకుంటుంది."

"మెల్లగానా! పాడుబడ్డ ఇంట్లో గాలి తిరుగుతున్నట్లుంది. స్వామి ఎక్కడ?"

"తీరంలో. మహారాజు కోసం ఉంచాను."

"పొరుగింటికిచ్చిన చేటనైనా పొద్దు గుంకేలోపు అడిగి తెచ్చుకుంటామే! ఆయన్ని ఇసుకలో వదిలేసి వచ్చి, విస్తరి ముందు కూర్చున్నారా?"

ఆయన విస్తరిని పక్కకు జరిపాడు. గడప మీది పేరు ఒక్కటే అయితే సిగ్గుపడి ఆ రోజే వెళ్ళి ఉండేవాడు. దాని కింద మరొక భయం ఉంది. పువ్వును పీల్చినప్పుడు ఏమీ రాకపోతే? పువ్వు అక్కడ ఉన్నంతకాలం ఆ సంగతి తేలనక్కరలేదు.

నాలుగోనాటికి ఎగువ కొండల్లో వానలు కురిసి పినాకిని ఎర్రబారింది. నీరు ఇసుక తిన్నెలను ఒక్కొక్కటిగా మింగుతూ వస్తున్నది. మునిమాపుదాకా లింగం నిలవదు. అప్పుడు, ఆ మిట్టమధ్యాహ్నం, పరుగెత్తుకు వచ్చాడు ఆర్జవుడు. వచ్చి, చేయి చాచలేక నిలబడిపోయాడు.

లింగం ఊపిరి తీస్తున్నది. ఆయన ఊపిరి వదిలినప్పుడు ఇసుక రేణువులు ఉబికాయి, పీల్చినప్పుడు అణిగాయి. ఆయన శ్వాస బిగబట్టాడు. లింగం ఆగలేదు.

"ఆర్జవా."

అది తన గొంతే. తన పెదవులు మాత్రం కదలలేదు.

"ప్రభూ, నీవేనా?"

"పిలిచినవాడే ఎవరని అడుగుతాడా?"

"రాజు గుడి కడతాడు, మహేశ్వరా. వేలమంది వచ్చి నిన్ను చూస్తారు."

"వచ్చే ప్రతివాడి లోపలా నేను ఉన్నాను. నేను లేని చోటు ఈ తీరాన ఒక్కటే. అందులోంచే నీవు మాట్లాడుతున్నావు."

నీరు లింగం పాదాన్ని తాకింది. ఒక పక్క ఇసుక జారింది.

"వరం కోరుకో," అన్నది ఆ గొంతు, తొందర లేకుండా.

మహర్షి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "కోరడానికి కూడా భయమే, స్వామీ. పీల్చినా నీవు రాకపోతే? నలభై ఏళ్ళూ నేను ఒట్టి పువ్వునే వాసన చూశానేమో!"

"తుమ్మికి వాసన లేదు కదా, ఆర్జవా. రోజూ నీవు పీల్చినదేమిటి?"

నీరు ఆయన మోకాళ్ళను ముంచింది. చివరకు, "తిరిగి రా. ఇంకేమీ వద్దు," అన్నాడు.

"ఇచ్చాను. ద్వారం తెరవవలసినవాడివి నీవు."

అవతలి గట్టున శిల్పుల బండ్లు వచ్చి ఆగాయి. హేమకేతుడు గుర్రం మీదనే లేచి నిలబడి, "మహర్షీ, లింగం! లింగాన్ని కాపాడండి!" అని అరుస్తున్నాడు.

ఆర్జవ మహర్షి అటు తిరగలేదు. కరుగుతున్న ఇసుక మీదినుంచి తుమ్మిపువ్వును రెండు వేళ్ళతో తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాడు.

వేళ్ళ మధ్య పువ్వు వాడిపోయింది.