పసుపు కింద పగులు

అనగనగా అనగానే రాజుల కాలం గుర్తొస్తుంది. ఈ కథ అంత పాతది కాదు. ప్రమాది నామ సంవత్సరం, రోహిణి కార్తె. ఎండకు నల్లరేగడి నెర్రెలిచ్చి, వాన చుక్క కోసం నోరు తెరుచుకుని ఉంది.

పల్నాటి సీమలో కోటిలింగం అనే రైతు ఉండేవాడు. ఎద్దుల బేరంలో అతణ్ణి మోసగించినవాడు లేడు. పళ్ళు లెక్కపెట్టేవాడు. సుళ్ళు చూసేవాడు. నాగలి కట్టి నడిపించందే సొమ్ము తీసేవాడు కాదు.

అలాంటివాడు ఆ యేడు ఎద్దుల జతను అమ్మేశాడు. ఉన్నదంతా మూటగట్టుకుని, పాత ట్రాక్టరు కొనడానికి భద్రయ్య అనే వర్తకుడి కొట్టానికి బయలుదేరాడు. బండి మంచిదైతే ఎనిమిదెకరాలూ తొలి వాన పదునులోనే విత్తుకోవచ్చు. కాకపోతే ఎద్దులూ లేవు, బండీ లేదు, చేతిలో పైసా లేదు.

వెంట అక్క ఆదెమ్మ వచ్చింది. భర్త పోయిన పన్నెండేళ్ళుగా బావి మీది ఆయిలింజనును తనే తిప్పుకుంటూ, తనే బాగుచేసుకుంటూ కూరగాయలు పండించి బతుకుతున్న మనిషి.

కొట్టంలో ట్రాక్టరు పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. కొత్త ఎర్ర రంగు. మెడలో బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు. ఒళ్ళంతా పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు. కోటిలింగం చెప్పులు విడిచాడు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు తడిమిన చేతులు ఇనుము ముందు వాటంతటవే జోడించుకున్నాయి.

"ముహూర్తం దాటిపోతోంది బావగారూ, కానివ్వండి," అన్నాడు భద్రయ్య.

ఆదెమ్మ ఇంజను మీద అరచెయ్యి ఆనించింది. "తమ్ముడూ, వెచ్చగా ఉందిరా. మనం రాకముందే ఎందుకు నడిపారు? చల్లటి ఇంజను ఎలా అందుకుంటుందో గదా చూడాల్సింది!"

"మీకు శ్రమ లేకుండా వేడిచేసి పెట్టానమ్మా. అల్లుడొస్తే నీళ్ళు కాచి ఉంచమా?" అన్నాడు భద్రయ్య. కోటిలింగం నవ్వేశాడు.

ఆదెమ్మ బండెక్కి కూర్చుంది. "మీటరు పన్నెండు వందల గంటలే తిరిగిందంటోంది. ఈ క్లచ్చి పెడలు చూడు. రబ్బరు పోయి ఇనుము అద్దంలా మెరుస్తోంది. ఇది ఏళ్ళ తరబడి తొక్కిన అరుగుదల."

"పాత డ్రైవరు భారీ మనిషి లెండి. వాడు నడిస్తే రోడ్డే అరిగేది!" అన్నాడు భద్రయ్య. కొట్టంలో పనివాళ్ళు గొల్లుమన్నారు. ఈసారి కోటిలింగానికి సగం నవ్వే వచ్చింది.

ఆదెమ్మ దిగి, వంగి చూసింది. "అంతటా పసుపు పలచగా ఉంది. ఇంజను పక్కన ఇక్కడొక్కచోట వేలి మందాన పూశారెందుకు? తుడిచి చూద్దాం."

"అయ్యయ్యో! శుభమా అని బండి కొంటుంటే బొట్టు చెరుపుతుందా? బావగారూ, మిమ్మల్ని ఏమీ అనను. ఇలాంటి పనికి ఈవిణ్ణెలా తీసుకొచ్చారండీ?" అన్నాడు భద్రయ్య.

కోటిలింగం ముఖం మాడిపోయింది. "అక్కా, నువ్వు అవతలికి పో."

ఆదెమ్మ కదల్లేదు. "నా బొట్టు చెరిపిన రోజు ఊరంతా నిలబడి చూసింది. అశుభం అని ఒక్కరూ అడ్డం రాలేదు. నువ్వూ ఉన్నావు. ఈ ఇనుముకేం నొప్పిరా?"

కోటిలింగం తల దించుకున్నాడు. తర్వాత భుజం మీది తువ్వాలు తీసి, తనే వంగి, ఆ పసుపును తుడిచాడు.

కింద రంగు ఉబ్బెత్తుగా ఉంది. గోటితో గీరాడు. లప్పం పొడిపొడిగా రాలింది. లప్పం వెనక జానెడు పగులు. "ఆయిలు పుల్ల లాగి చూడు," అంది ఆదెమ్మ. లాగాడు. పుల్లకంటిన ఆయిలు పాలు కలిపిన టీలా ఉంది. లోపల ఆయిలులోకి నీళ్ళు దిగుతున్నాయి.

"నాకూ ఇలాగే అంటగట్టారండీ," అని భద్రయ్య గొణిగాడు. కోటిలింగం సొమ్ము మూట మళ్ళీ బిగించి కట్టుకున్నాడు. "పద అక్కా," అన్నాడు. పద అన్నాడే గానీ, ఆమె నడిచాకే తను అడుగేశాడు.

అక్కాతమ్ముళ్ళు మూడు వారాలు ఊళ్ళు తిరిగారు. చివరికి ఒక రైతు దొడ్లో, రంగు వెలిసి, బురద కొట్టుకున్న ట్రాక్టరు దొరికింది. పొద్దున్నే వెళ్ళి, ఇంజను చల్లగా ఉండగా తిప్పారు. పొగ రంగు చూశారు. గొర్రు తగిలించి పైకెత్తి, అది కిందికి జారుతుందేమో అని చుట్ట కాల్చినంతసేపు కాచుకున్నారు. బండి పుస్తకంలో నంబరూ ఇంజను మీది నంబరూ ఒకటేనని రూఢి చేసుకున్నారు. అన్నీ అయ్యాక సొమ్ము ఇచ్చారు. పూజ ఆ తర్వాత చేశారు. మొదటి బొట్టు ఆదెమ్మ పెట్టింది.

అప్పటికి తొలి వాన కురిసి పదును ఆరిపోతోంది.

కాబట్టి పిల్లలూ, దణ్ణం పెట్టేముందు తుడిచి చూసుకోవాలి. నిజం చెప్పేవారి నుదుటి వంక కాదు, వారు చూపిస్తున్న చోటుకు చూడాలి. కోటిలింగం అది అక్క మూడో లోపం చూపాక గానీ తెలుసుకోలేదు. బండి చూసుకోకముందే ఎద్దుల్ని అమ్ముకున్నందుకు, ఆ యేడు అతని పొలంలో రెండెకరాలు బీడుపడ్డాయి.