పొయ్యికి పెళ్ళిచూపులు

అనకాపల్లికి అవతల తేనెలపాలెం అనే ఊళ్ళో గవిర్నాయుడనే చెరకు రైతు ఉండేవాడు, ఎవరొచ్చినా ఉన్న లోటు దాచేసి లేని గొప్ప చూపించడం ఆయనకి అలవాటు.

వానాకాలంలో వియ్యాలవారు వస్తే, ఇల్లు కారే చోట రాగిబిందె పెట్టి, తులసమ్మకి వాననీళ్ళు పడుతున్నామని చెప్పేవాడు. వాళ్ళు నిజమే అనుకుని, ఆ భక్తికి మెచ్చుకుని వెళ్ళేవారు. ఇల్లు మాత్రం అలాగే కారుతూ ఉండేది.

గవిర్నాయుడికి చెరకు తోట పక్కనే బెల్లం వండే పాక ఉండేది. అక్కడ గానుగలో చెరకు ఆడి, రసాన్ని పెద్ద పెనంలో పోసి, కింద ఆ చెరకు పిప్పినే కాల్చి బెల్లం వండేవారు. పొయ్యిలోకి పిప్పి ఎగదోసే పని ఆయన భార్య నూకరత్నానిది. పిప్పి బాగా ఎండేదాకా ఆగే తీరిక ఎవరికుంటుంది చెప్పండి? సగం పచ్చిగా ఉండగానే పొయ్యిలోకి పోయేది. దాంతో పాకంతా పొగ కమ్ముకునేది. చెరకు రోజులు వచ్చాయంటే చాలు, రత్నం కళ్ళు మిరపపళ్ళలా ఎర్రబడేవి. దగ్గు మొదలైతే వేసవి దాకా వదిలేది కాదు. ఊళ్ళో పొయ్యి దగ్గర కూర్చునే ఆడవాళ్ళందరిదీ ఇదే బాధ.

ఇలా ఉండగా ఒకనాడు ఊరంతా గుప్పుమంది. పొగ తగ్గించే కొత్త పొయ్యి కట్టించడానికి పట్నం నుంచి ఇద్దరు సలహాదారులు వస్తున్నారట. పొయ్యిల సంగతి బాగా చదువుకున్న హైమావతి ఒకరు. మట్టి సంగతి తెలిసిన పెద్దాయన జోగారావు గారు ఇంకొకరు. గవిర్నాయుడి పాత పొయ్యి ఎలా మండుతుందో ముందు చూస్తారట. దాన్నిబట్టి కొత్తది కడతారట. అది అందరి ఎదుటా బాగా మండితే ఊళ్ళో పొయ్యిలన్నీ అలాగే మార్చేస్తారు. మండకపోతే ఆ అవకాశం పక్క ఊరికి వెళ్ళిపోతుంది.

ఆ మాట విన్నప్పటినుంచీ గవిర్నాయుడి కాళ్ళు నేలమీద నిలవలేదు. బావమరిది ఇంట్లో ఇంటి పొయ్యిలోకని దాచుకున్న నిరుటి పిప్పి ఉంటే, గలగలలాడేంత ఎండినది, బండి కట్టి తెప్పించాడు. పొయ్యి పగుళ్ళకి ఎర్రమట్టి మెత్తించాడు. పైన సున్నం గీతలు కూడా వేయించాడు. పచ్చి పిప్పినంతా గడ్డివాము వెనక్కి నెట్టించాడు. ఆ రోజుకి పొయ్యి దగ్గర బావమరిదిని కూర్చోమని, భార్యని మాత్రం పట్టుచీర కట్టుకుని టీ ఇస్తే చాలన్నాడు.

రత్నం ఆ సున్నం గీతలు చూసి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఇదేటి మావా, వాళ్ళు పిల్లని చూసుకోడానికి వత్తన్నారా, పొయ్యిని చూడ్డానికా? పెళ్ళిచూపులంటే మొహానికి పౌడరు రాసుకుంటాం. పొయ్యికి రాస్తే ఏటవుతాది?"

"నీకు తెల్దులేయే. ఊరి పరువు," అన్నాడు గవిర్నాయుడు.

ఊళ్ళోవాళ్ళకి ఈ సంగతి తెలియకపోలేదు. ఊరి పరువనేసరికి వాళ్ళూ ఊరుకున్నారు.

సలహాదారులు వచ్చారు. పొయ్యి వెలిగించారు. ఎండు పిప్పి కదా, భగ్గున అంటుకుంది. పొగ లేదు, ఏమీ లేదు. హైమావతి పిప్పిని తూచింది. పొయ్యిలో వేడి ఎంతుందో ఒక పనిముట్టు పెట్టి చూసింది. రోజూ ఇదే పిప్పి కాలుస్తారా, పచ్చిది కలుస్తుందా అని మరీమరీ అడిగింది.

"పచ్చిదా? మేం ముట్టుకోమమ్మా," అన్నాడు గవిర్నాయుడు. పొగ సంగతి అడిగితే, అగరొత్తి పొగంత వస్తుందన్నాడు.

హైమావతి రత్నం వైపు తిరిగింది. "రోజూ పొయ్యి దగ్గర ఉండేది మీరేనట కదమ్మా. మీరేమైనా చెప్తారా?"

రత్నం నోరు విప్పబోయింది. అంతలోకే దగ్గు తెర వచ్చింది.

"జలుబండీ దానికి," అని గవిర్నాయుడు గబగబా టీ గ్లాసులు అందించాడు. భర్త మాట నలుగురిలో ఎలా కాదంటుంది? రత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వాళ్ళు చూసినదాన్నిబట్టి కొత్త పొయ్యి కట్టారు. ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! చిన్న నోరు, సన్నటి ఇనుప చువ్వలు, పొడుగాటి పొగగొట్టం. వెలిగించే రోజు ఊరు ఊరంతా పాక దగ్గరే ఉంది. పిల్లలు వేడి పాకం పెట్టించుకోడానికి బాదం ఆకులు పట్టుకుని తెల్లారకముందే వచ్చి కూర్చున్నారు. గానుగ తిరిగింది. రసం నురుగులు కక్కుతూ పెనం నిండింది. రత్నం పొయ్యి ముందు కూర్చుని పిప్పి లోపలికి తోసింది.

అది రోజూ వాడే పిప్పి. పచ్చిది. నిరుటి ఎండుపిప్పి ఏనాడో అయిపోయింది మరి.

పొయ్యి ఒక్కసారి బుస్సుమని ఆరిపోయింది. మళ్ళీ వెలిగించారు. సన్నటి చువ్వల మధ్య తడి పిప్పి ముద్ద కట్టి, గాలి ఆడక, పొగంతా వెనక్కి తిరిగి పొయ్యి నోట్లోంచే బయటికి కొట్టింది. పాత పొయ్యి పొగ దీనిముందు ఎంత? పిల్లలు ఆకులు పారేసి పరిగెత్తారు. పొద్దు నడినెత్తికి వచ్చినా రసం గోరువెచ్చగానే ఉంది. పాకం వచ్చిందో లేదో చూడ్డానికి, వండేవాళ్ళు ఒక చుక్క తీసి చన్నీళ్ళలో వేస్తారు. వస్తే ఉండ కడుతుంది. గవిర్నాయుడు వేసిన చుక్క నీళ్ళలో కలిసిపోయి కనబడకుండా పోయింది.

"దోమలు తోలడానికి బాగుంటాది నాయుడూ, మా పశువుల పాకలో కూడా ఒకటి కట్టించు," అన్నాడు పక్కతోట అప్పలకొండ. అందరూ నవ్వారు. అంత చదువుకుని కట్టిన పొయ్యి ఇదేనా అని ఇంకెవరో అన్నారు.

హైమావతి మొహం పాలిపోయింది. పొయ్యి చుట్టూ తిరిగింది, వంగి చూసింది, మళ్ళీ తిరిగింది. చివరికి జోగారావు గారితో నెమ్మదిగా, "నా లెక్కే తప్పయి ఉంటుందండీ. అదే రాసి పంపిస్తాను. పొయ్యి పక్క ఊరికి ఇచ్చేద్దాం," అంది.

గవిర్నాయుడు ఆ మాట విన్నాడు. తను ఊరుకుంటే తప్పు ఆ అమ్మాయి మీదికి పోతుంది. తన పరువుకేం కాదు. ఒక్క మాట మాట్లాడకపోతే చాలు.

అప్పుడు పొయ్యి వైపు చూశాడు. అందరూ పొగకి దూరంగా పారిపోయారు. రత్నం ఒక్కతే అక్కడ ఉంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది, దగ్గుతోంది, మళ్ళీ పిప్పి తోస్తోంది. ఒక్కసారి తలెత్తి భర్త వైపు చూసింది.

గవిర్నాయుడు ఆ ఎర్రటి కళ్ళు చూశాడు. ఈ పొయ్యి పోతే ఆ కళ్ళు ఇంక బాగుపడవు.

తలపాగా తీసి చేత్తో పట్టుకుని ముందుకి వచ్చాడు. "అమ్మా, నీ లెక్క తప్పలేదు. నీకు చూపించిన పిప్పే నాది కాదు. బావమరిది దగ్గర ఎరువు తెచ్చింది. మేం కాల్చేది పచ్చిదే. ఆ జలుబు కూడా జలుబు కాదమ్మా, పొగ."

ఇంక ఆ అమ్మాయి తిట్టిపోస్తుందనీ, సామాను సర్దుకుని వెళ్ళిపోతుందనీ అందరూ అనుకున్నారు. హైమావతి కళ్ళు మాత్రం ఒక్కసారి మెరిశాయి.

"అయితే అసలు పిప్పి ఏదీ? చూపించండి," అంది.

దోసెడు పిప్పి తీసుకుని పిండింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. ఆమె నవ్వేసింది. "ఇది వేస్తే పొయ్యి ఎలా మండుతుంది మరి? తడిబట్ట వేసి వెలిగించినట్టుంది. మాదీ తప్పేనండీ. వస్తున్నామని ముందు చెప్పి వచ్చాం. చెప్పకుండా వచ్చుంటే అసలు రంగు చూసేవాళ్ళం," అంది. తరవాత ఆ మసిలోనే రత్నం పక్కన చతికిలబడి, పొగ ఎప్పుడు ఎక్కువ, ఎక్కడ ముద్ద కడుతుంది, ఎప్పుడు కెలకాలి అని ఒక్కొక్కటే అడిగింది. ఈసారి రత్నం దాచకుండా అన్నీ చెప్పింది. గవిర్నాయుడు కూడా పాత పొయ్యి సున్నం గీతల కింద కప్పెట్టిన పగుళ్ళన్నీ వేలు పెట్టి చూపించాడు.

పొయ్యి విప్పి మళ్ళీ కట్టారు. చువ్వల సందులు వెడల్పు చేశారు. పొగగొట్టం ఎత్తు పెంచారు. బయటికి పోయే వేడిగాలి తగిలేలా పక్కన ఒక అరుగు కట్టారు. ఒక పెనం ఉడికేలోపు తరవాతి పెనానికి కావలసిన పిప్పి ఆ అరుగుమీద ఎండిపోతుంది.

మళ్ళీ వెలిగించిన రోజున అప్పలకొండ కూడా ముందు వరసలోనే నిలబడ్డాడు. పిప్పి వేయగానే పొయ్యి గాలిని గుటకలు వేస్తున్నట్టు లోపలికి లాక్కుంది. మంట హోరుమంది. రసం కుతకుతలాడింది, పొంగింది, ఎర్రబడింది. గవిర్నాయుడు చుక్క తీసి చన్నీళ్ళలో వేశాడు. ఉండ కట్టింది. తీసి పళ్ళెంలోకి విసిరితే ఠంగుమంది. పిల్లలు ఆకులు పట్టుకుని ఒకరిమీద ఒకరు పడ్డారు. ఆ సందట్లో రత్నం పొయ్యి ముందు నిబ్బరంగా కూర్చునుంది. ఎంతసేపు చూసినా ఆమెకి దగ్గు రాలేదు.

మునుపటికంటే తక్కువ పిప్పితోనే వంట అయిపోయింది. అక్కడ జోగారావు గారి పని మొదలైంది. మిగిలిన పిప్పిని గోతిలో వేసి, గాలి ఎక్కువ తగలకుండా కాల్చి, నీళ్ళు చల్లి బొగ్గు చేయించారు. ఆ బొగ్గుని పేడనీళ్ళలో నానబెట్టి చెరకు సాళ్ళలో కప్పించారు.

పిల్లలు చుట్టూ చేరి బొగ్గుని పాతిపెడుతున్నారేమిటని అడిగారు. ఆయన నవ్వి, "గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువుని తాగే చెరకు పెరుగుతుంది. పిప్పిని ఊరికే కాల్చేస్తే అది మళ్ళీ గాలిలోకే పోయి భూమిని వేడెక్కిస్తుంది. ఇలా బొగ్గు చేసి పాతితే అందులో కొంత మట్టిలోనే ఉండిపోతుంది. మీ మనవలు దున్నినా అక్కడే ఉంటుంది," అన్నారు.

తేనెలపాలెంలో పొయ్యిలన్నీ మారిపోయాయి. పక్క ఊళ్ళవాళ్ళు చూడ్డానికి వచ్చేవారు. గవిర్నాయుడు వాళ్ళని ముందు మంట దగ్గరికి కాదు, పొయ్యి గోడలో పడిన కొత్త పగులు దగ్గరికి తీసుకెళ్ళేవాడు. ఇది కూడా చూసుకుని కట్టించుకోండి అనేవాడు.

ఆ ఏడు వానల్లో వియ్యాలవారు వచ్చారు. "ఆ మూల కారతాది బావా, ఇటు పడుకో," అన్నాడు గవిర్నాయుడు. మర్నాడు పొద్దున్నే వియ్యంకుడే పైకెక్కి, పెంకులు సర్ది, కారే చోటు మూసేశాడు.

నీతి: సలహా అడిగినప్పుడు గొప్పలు కాదు, లోటు చూపించాలి, దాచిన లోటుని ఎంత చదువుకున్నవాళ్ళయినా బాగుచేయలేరు.