మోకు ఎక్కడ తెగింది?

ఆ అడవిలో విచారణ అనే మాట వింటే కుందేళ్లకు కూడా చెమటలు పట్టేవి. విచారణంటే ఏంటనుకున్నారు? పులిగారి గుహలోకి వెళ్లడం. వెళ్లడమే, తిరిగి రావడం ఉండదు. మొన్న గాడిద వెళ్లింది. నిన్న దున్నపోతు వెళ్లింది. దాని కొమ్ములు మాత్రం బయటికొచ్చాయి.

ఇద్దరూ చేసిన నేరం ఒక్కటే. వాళ్లు మోట లాగుతుండగా, బావిలోంచి నీళ్ల బానను పైకి తెచ్చే మోకు తెగింది. ఆ ఎండల్లో అడవి మొత్తానికీ ఉన్నది ఒకే బావి. దానిమీద పెత్తనం పులిది, తనిఖీ నక్కది. నక్కగారి తనిఖీ గురించి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున్నే నీడలో కూర్చుని, బావివైపు తలైనా తిప్పకుండా, "ఆఁ, అన్నీ చూశాను, బాగున్నాయి" అనేవాడు. మోకు తెగిందా, లాగుతున్నవాడి పేరు పులికి చెప్పేవాడు. గుహలో మిగిలింది తనకే కదా!

మూడోసారి మోకు తెగినప్పుడు కాడి కింద ఉన్నది బూడిదరంగు ఎద్దు.

"అయిపోయావురా!" అన్నాడు నక్క పళ్లికిలించి. "దొర భోంచేసి పడుకున్నారు. లేవగానే విచారణ."

నార పేని మోకులు అల్లే మేక పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, పారిపో!"

"ఎక్కడికే? నీళ్లున్నది ఇక్కడే కదా."

"ఈసారి ఇంకా లావుగా అల్లాను అన్నా, ఒట్టు! నిమ్మకాయలు కూడా కట్టాను. ఎవరి దిష్టి తగిలిందో ఏమో..." అని మేక ఏడుపు లంకించుకుంది.

"ఏడవకు. పాత మోకులున్నాయా?"

"ఉన్నాయి. ఎందుకూ?"

"తే. ఎవరు, ఎవరు అని అందరూ అడిగారు. ఎక్కడ తెగిందని ఒక్కరైనా అడిగారా?"

మూడు మోకుల్నీ పక్కపక్కన పరిచారు. మేక మూరలు కొలిచింది. మొదటిది బాన కట్టిన కొస నుంచి పన్నెండు మూరల దగ్గర తెగింది. రెండోదీ పన్నెండే. మూడోది రెండుసార్లు కొలిచింది.

"పన్నెండే అన్నా!"

నిండు బాన నీళ్లలోంచి లేచేటప్పుడు ఆ పన్నెండో మూర సరిగ్గా గిలక మీద ఉంటుంది. ఎద్దు తలెత్తి చూసింది. గిలక ఓ పక్కకు ఒరిగి ఉంది. మోకు గాడి తప్పి ఇనుప సీలకు రాసుకుంటోంది. గిలక ఎందుకు ఒరిగింది? దాన్ని మోసే గుంజ వాలింది. గుంజ ఎందుకు వాలింది? మొదలు దగ్గర చెక్క పొట్టులా రాలిపోయి సగమే మిగిలింది. రాలిన చోట గీతలు. నాలుగేసి గీతలు, లోతుగా.

రోజూ భోజనం కాగానే ఎవరు అక్కడ గోళ్లు పదును పెట్టుకుంటారో ఇద్దరికీ తెలుసు.

"మనం చూడలేదన్నా," అంది మేక. "నీ కాళ్లు పట్టుకుంటా, చూడలేదను."

"చూడలేదంటే ఇవాళ నేను. రేపు గుర్రం. ఎల్లుండి నువ్వు."

ఇంతలో గుహలోంచి ఆవలింత వినిపించింది.

పులి వచ్చింది. వెనకే నక్క.

"ఎవరు?" అంది పులి.

"ఈ ఎద్దే దొరా! ఒళ్లు బలిసి లాగాడు, మోకు తెంపాడు," అన్నాడు నక్క.

ఎద్దు గుంజ పక్కకు వెళ్లి నిలబడింది. "దొరా, ఎవరో చెప్పే తెలివి నాకు లేదు. ఎక్కడో మాత్రం చెబుతాను. ఈ గుంజను ఎవరో రోజూ గీకుతున్నారు. గుంజ వాలి గిలక ఒరిగింది, అందుకే మోకు తెగుతోంది. గీకేదెవరో నక్కగారినడగండి, రోజూ తనిఖీ చేసేది వారేగా."

పులి గుంజ వంక చూసింది.

నక్క ఎప్పట్లాగే తల తిప్పలేదు. "చూడకేం దొరా, రోజూ చూస్తున్నాను! ఎవడో పనీపాటా లేని ముసలి వెధవ! మొద్దు గోళ్లు! నాలుగు గీతలు తిన్నగా గీకడం కూడా చేతకాలేదు. వాణ్ణి విచారణకు పిలవాల్సిందే!"

మేక కళ్లు మూసుకుంది.

పులి పంజా ఎత్తి నెమ్మదిగా గుంజకు ఆనించింది. గోళ్లు నాలుగూ గీతల్లో అచ్చంగా కూర్చున్నాయి. అప్పుడు చూశాడు నక్క. గోళ్లనీ చూశాడు, గీతల్నీ చూశాడు.

"దొరా... అంటే... నా ఉద్దేశం..."

"రోజూ చూస్తున్నావన్నమాట," అంది పులి. "చూసి నాకు చెప్పలేదన్నమాట. లోపలికి రా, నిదానంగా మాట్లాడుకుందాం."

"చూడలేదు దొరా! ఒట్టు, ఒక్కరోజు కూడా చూడలేదు!"

"మరీ మంచిది," అంది పులి.

నక్క వెళ్లాడు. పులి గుహ దాకా వెళ్లి ఆగి, వెనక్కి తిరగకుండానే అంది: "ఆ గుంజ మార్చి, చుట్టూ ముళ్లకంప కట్టండి. ఎవరూ... ఎవరూ గీకకుండా."

గుంజ మార్చారు. వానలు పడేదాకా మోకు మళ్లీ తెగలేదు.

నీతి: ఎవరని గద్దించే చోట కారణం దాక్కుంటుంది, ఎక్కడని అడిగే చోటే బయటపడుతుంది.