రాజుగారి పిడికెడు

జొన్నలు పండే ఒకానొక రాజ్యంలో జొన్నలే ప్రియమయ్యాయి. రూకకు నాలుగు మానికలు వచ్చేవి, ఒక్క మానికకు దిగాయి. వానలు బాగానే పడ్డాయి. పంటా పండింది. అయినా ఇళ్లలో సంకటి పోయి అంబలి వచ్చింది. అంబలి పోయి గంజినీళ్లు వచ్చాయి.

ఆ రాజు గండభూపతి. అయిదో ఏట పట్టం కట్టుకున్నాడు. ఇప్పుడు నలభై. ఆయన్ను పాలిచ్చి పెంచిన దాది ఓబులమ్మ కోట బయట పేటలో ఉండేది. సభలో రాజును ‘నువ్వు’ అనగలిగేది ఆమె ఒక్కతే. కోట నుంచి నెలకు నాలుగు రూకలు వచ్చేవి. రూకలు మారలేదు, వాటికి వచ్చే జొన్నలే తగ్గాయి. ఇంట్లో తల్లి లేని మనవరాలు నరసి, అయిదేళ్లది. ఈ మధ్య ఆ పిల్ల తిండి అడగడం మానేసింది. అవ్వకు అదే భయం.

ఒకనాడు పిల్లను వెంటబెట్టుకుని సభకు వెళ్లింది.

“నాయనా, జొన్నల ధర కాస్త చూడు.”

ఆస్థాన పండితుడు అనంతభట్టు గొంతు సవరించుకున్నాడు. “మహాప్రభూ, శని వక్రించాడు. పైగా జనానికి ఆకలి ఎక్కువైంది.”

“ఆకలి మాట నిజమే,” అంది అవ్వ. “శని సంగతి మీకే తెలియాలి, దగ్గరివారు.”

రాజుకు కోపం వచ్చింది. “అవ్వా, నేను సుంకం పెంచానా? నా పట్టాభిషేకం నాడు మా తాత రాగిరేకు మీద రాయించాడు. దారిలో ఏడు సుంకం ఠాణాలు, ఒక్కో ఠాణాలో కుంచానికి రాజుగారి పిడికెడు. ముప్పయ్యయిదేళ్లుగా అక్షరం మార్చలేదు. తప్పు నాదని చూపించు, అడిగింది ఇస్తాను. చూపించలేకపోతే ఆ నాలుగు రూకలూ మరిచిపో.”

“నీ పట్టాభిషేకం నాటి చేతి మురుగులు తెప్పించు, నాయనా.”

ఖజానా నుంచి తెచ్చారు. చిన్న బంగారు మురుగులు.

“తొడుక్కో.”

రాజు ప్రయత్నించాడు. రెండు వేళ్లు దూరాక మురుగు ఆగిపోయింది.

“రాగిరేకు పెరగలేదు. చెయ్యి పెరిగింది,” అంది అవ్వ. “సుంకరులు ఏటా దసరాకు వచ్చి నీ చెయ్యి కళ్లకద్దుకుంటారే, ఎందుకనుకున్నావు? కొలత చూసుకుపోతారు. అంతకంటే పెద్ద చెయ్యి ఉన్నవాణ్ణి ఠాణాలో కూర్చోబెడతారు. ఏడు చోట్ల పోయిన గింజల్ని షావుకారు ధరలో కలుపుతాడు. కలిపేటప్పుడు ఆయన చెయ్యీ చిన్నది కాదు. చివర నిలబడ్డవాళ్లం మేము. మేం ఆ నష్టం ఎవరి మీద వెయ్యాలి?”

సభ బిగుసుకుపోయింది. రాజు తన లావు మణికట్టు చూసుకుని పకపకా నవ్వాడు.

“నన్ను మేపింది నువ్వే కదా అవ్వా. నేరం నీదే.”

“ఆ పాపం కడుక్కోవడానికే వచ్చాను.”

“సరే, నువ్వే గెలిచావు. ఏం కావాలి?”

“నీ పిడికిలి మళ్లీ అయిదేళ్లది చెయ్యి.”

“చేశాను. ఇవాళ్టి నుంచి పసిపిడికెడే సుంకం. అవ్వకు గంపెడు జొన్నలు బహుమానం. కరణంగారూ, కొలత రాయండి.”

“ఎవరి చెయ్యి, ప్రభూ?” అన్నాడు కరణం.

రాజు నరసిని పిలిచాడు. గంప తెచ్చి ముందు పెట్టారు. “పిడికెడు తీసి ఈ పళ్లెంలో వెయ్యి, తల్లీ.”

నరసి పిడికెడు తీసింది. నోట్లో వేసుకుంది.

సభ నవ్వింది. రాజూ నవ్వాడు. “ఇంకోసారి. పళ్లెంలో.”

రెండోదీ నోట్లోకే పోయింది. మూడోదీ. ఎండు జొన్నలు, పళ్ల కింద నలగడం లేదు. బుగ్గలు నిండాయి. అయినా చెయ్యి గంపలోంచి తీయడం లేదు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

“ధర ఎప్పటికి దిగుతుందవ్వా?” రాజు గొంతు తగ్గించి అడిగాడు.

“ఎక్కినంత తొందరగా దిగదు, నాయనా. కొట్లలో ఉన్నదంతా పెద్ద పిడికిలి నాటి సరుకు. వచ్చే పంట దాకా చూడాలి.”

“అప్పటిదాకా?”

అవ్వ పిల్ల వీపు నిమురుతూ కూర్చుంది.

కరణం ఘంటం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పళ్లెంలో ఇంకా ఒక్క గింజ పడలేదు.