తీతువుల తిన్నె

కొండల నడుమ గుమ్మికోన అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్ళు, కొండముచ్చులు, లెక్కలేనన్ని పిట్టలు ఉండేవి. ఆ అడవిలోంచి చిలకేరు అనే ఏరు పారేది. ఏటి ఒడ్డున ఒక బొరియలో గంగులు అనే నీటికుక్క కాపురముండేవాడు.

గంగులుకు ఇద్దరు స్నేహితులు. ఒకడు ఈరన్న అనే ముళ్ళపంది. వయసులో పెద్దవాడు, దుంపలు, పళ్ళు తప్ప ఏమీ తినడు. రెండోవాడు వీరబాహుడు అనే బావురుపిల్లి. ఎగిరే పిట్టను ఒక్క దూకుతో అందుకోగలడు. ఆ సంగతి అడగనివాళ్ళకు కూడా చెప్పేవాడు.

ఎండాకాలం మొదట్లో గంగులుకు ఒక కోరిక పుట్టింది.

"ఈరన్న మామా, మన ఏరు పోయి పోయి పెద్దేట్లో కలుస్తుందట. అక్కడ నేరేడు తోపులు ఉన్నాయట. తెప్ప కట్టుకుని ముగ్గురం పోదామా? కొన్నాళ్ళు హాయిగా తిరిగొద్దాం," అన్నాడు.

ఈరన్న సరేనని వెదురు బొంగులు కొరికి తెచ్చాడు. గంగులు నార పేని వాటిని గట్టిగా కట్టాడు. వీరబాహుడు బండ మీద పడుకుని, "ఆ ముడి వదులుగా ఉంది, ఈ బొంగు వంకరగా ఉంది," అని వంకలు పెట్టాడు.

బయలుదేరే ముందు ఈరన్న ఒక మాట చెప్పాడు. "దారిలో ఎవరి వేట వాళ్ళది. కానీ కడుపుకు సరిపడా పట్టుకోవాలి, అంతే. గుడ్ల మీదున్న పిట్ట జోలికి పోకూడదు. ఒప్పుకున్నవాళ్ళే తెప్ప ఎక్కండి."

"ఒప్పుకున్నాం, ఒప్పుకున్నాం, పదండి," అన్నాడు వీరబాహుడు తోక ఊపుతూ.

ప్రయాణం బాగానే మొదలైంది. ఈరన్న వెనక నిలబడి గెడ వేసి తెప్పను నడిపేవాడు. గంగులు నీళ్ళలోకి బుడుంగున మునిగి ఒక జెల్ల చేపనో బొచ్చె చేపనో నోట కరుచుకుని తేలేవాడు. ఒడ్డు దగ్గర ఆగినప్పుడు వీరబాహుడు పొదల్లోకి పోయి ఒక పూరేడు పిట్టను పట్టుకుని వచ్చేవాడు. తిని, కబుర్లు చెప్పుకుని, నీడ చూసుకుని నిద్రపోయేవారు.

కొన్నాళ్ళకు వీరబాహుడికి ఒక పూరేడు చాలలేదు. కడుపుకు కాదు, గొప్పకు చాలలేదు. ఒకరోజు కౌజు పిట్టల గుంపు మొత్తాన్ని చంపి తెప్ప మీద కుప్ప పోశాడు. ఒక్కదాన్ని తిన్నాడు. మిగతావాటి ఈకలు పీకి నారకు గుచ్చి మెడలో దండ వేసుకున్నాడు. పిట్టలను కాలితో ఏట్లోకి తోసేశాడు.

గంగులుకు ఒళ్ళు మండిపోయింది.

"ఇదేం పని బావా? తినని వాటిని ఎందుకు చంపావు?"

"నువ్వు చేపల్ని చంపడం లేదూ? వాటికి ప్రాణం లేదా?"

"ఉంది. అందుకే పట్టినదాన్ని ముల్లు మిగలకుండా తింటాను. నువ్వు పారేశావు!"

"అడవికి తిరిగెళ్ళాక ఈ దండ చూసి అందరూ నోళ్ళు తెరుస్తారు. నీ చేప ముల్లు చూసి ఎవడు మెచ్చుకుంటాడు?" అని వీరబాహుడు పకపకా నవ్వాడు.

గంగులు ఇంకా ఏదో అనబోయాడు. ఈరన్న మధ్యలో అడ్డుపడ్డాడు. "పోనీలేరా, స్నేహితుల మధ్య గొడవెందుకు? సరదాగా వచ్చాం, సరదాగా పోదాం."

గంగులు తెప్ప అంచుకు పోయి కూర్చున్నాడు. ఆ పూట చేపలకు దిగలేదు. నీళ్ళలో తేలిపోయిన ఆ పిట్టలే కళ్ళ ముందు మెదిలాయి. అవి ఏం పాపం చేశాయి? ఒక దండ కోసమా వాటి బతుకు?

మర్నాడు తెప్ప ఒక పెద్ద ఇసుక తిన్నె దగ్గరికి చేరింది. తిన్నె నిండా తీతువు పిట్టలు గుడ్లు పెట్టుకుని ఉన్నాయి. తెప్పను చూసి అన్నీ ఒక్కసారి లేచి గోల చేశాయి. గంగులు నీళ్ళలోనే నిలబడి, "మేము మీ జోలికి రాము. కాసేపు ఆగి పోతాం," అని చెప్పాడు.

వాటిలో పెద్దది చుక్కమ్మ అనే తీతువు. గంగులు మాట నమ్మి కిందికి దిగింది. మిగతావీ తమ గుడ్ల మీదికి చేరాయి.

"మంచిది నాయనా. కానీ ముందు జాగ్రత్త. ఆ కనిపించే గుట్ట దాటాక ఏరు రెండు పాయలవుతుంది. కుడిపాయ నిమ్మళంగా కనిపిస్తుంది, దాని చివర పెద్ద సుడి ఉంది. ఎడమపాయలోనే పోవాలి. మీరు కదిలేటప్పుడు చెప్పండి, నేను ముందు ఎగురుతూ దారి చూపిస్తాను."

గంగులు ఆమెకు దణ్ణం పెట్టి చేపలకు వెళ్ళాడు. ఈరన్న తిన్నె అవతల దుంపలు తవ్వుకోవడానికి పోయాడు. తెప్ప మీద కునుకు తీస్తున్నట్టు పడుకున్న వీరబాహుడు ఒక కన్ను తెరిచాడు.

కాసేపటికి తిన్నె మీంచి ఘోరమైన అరుపులు వినిపించాయి. గంగులు నోట్లో చేపను వదిలేసి పరుగెత్తాడు. వెళ్ళేసరికి అంతా అయిపోయింది. గుడ్లను వదలలేక కదలకుండా కూర్చున్న తల్లుల్ని వీరబాహుడు వరసగా చంపేశాడు. వాటి తెల్ల ఈకలను దండకు గుచ్చుకుంటున్నాడు. ఒక్క పిట్టను కూడా తినలేదు. అతనికి ఆకలే లేదు.

పైన చుక్కమ్మ గుండెలు పగిలేలా అరుస్తూ తిరుగుతోంది. "నీ మాట నమ్మాను కదయ్యా! నీ మాట నమ్మాను కదయ్యా!"

గంగులు వీరబాహుడికి ఎదురుగా పోయి నిలబడ్డాడు. ఇక బావా అని పిలవలేదు.

"ఛీ! ఎగరని పిట్టను చంపడం కూడా ఒక వేటేనా? మాటిచ్చి తెప్ప ఎక్కావు, మాట తప్పావు. మా మీద నమ్మకం పెట్టుకున్నవాళ్ళ ఇల్లు కూల్చావు. నువ్వు మాతో రావద్దు. ఇక మా తెప్ప ఎక్కకు!"

వీరబాహుడు ఈరన్న వైపు చూశాడు. ఈసారి ఈరన్న పోనీలే అనలేదు. ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని గంగులు పక్కన నిలబడ్డాడు.

"ఎక్కకూడనిది నేను కాదు, మీరే!" అని వీరబాహుడు తెప్ప మీదికి దూకి గెడతో ఒక్క తోపు తోశాడు. "బొంగులు కొరికేవాడు, బురదలో మునిగేవాడు నాకు నీతులు చెబుతారా? నా దారి నేను చూసుకోగలను!"

ఎంత మండిపోతున్నా గంగులు ఒడ్డు వెంబడి పరుగెత్తి కేక వేశాడు. "కుడిపాయలోకి పోకు! అక్కడ సుడి ఉంది!"

"మంచి దారి నీ కోసం దాచుకుంటున్నావా?" అని నవ్వి, వీరబాహుడు కుడిపాయలోకే పోయాడు. ఏ పిట్టా అతనికి అడ్డు చెప్పలేదు. నిమ్మళంగా ఉన్న నీరు ఒక్కసారిగా గిర్రున తిరిగింది. తెప్ప బొంగుబొంగుగా విడిపోయింది. మెడలో దండ నీళ్ళలో నాని, ఒక బొంగుకు చిక్కుకుని అతన్ని అడుక్కి లాగింది. దాన్ని పంజాతో తెంపుకుని, ఒక కాలు విరగ్గొట్టుకుని, ఎలాగో ఒడ్డున పడ్డాడు.

ఇక్కడ తిన్నె మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. తల్లిలేని గుడ్లు ఇసుకలో ఉడికిపోతున్నాయి. మిగిలిన తీతువులు ఏట్లో రొమ్ములు తడుపుకుని వచ్చి తమ గుడ్లను చల్లబరుస్తున్నాయి. గంగులు అది చూశాడు. తానూ నీళ్ళలో మునిగి, పరుగున వచ్చి, ఒంటి తడిని ఆ గుడ్ల మీద విదిలించాడు. మళ్ళీ మునిగాడు, మళ్ళీ వచ్చాడు. ఈరన్న ఆకులు తెచ్చి నీడ కట్టాడు. చుక్కమ్మ మొదట దూరం నుంచే చూసింది. తర్వాత వచ్చి వాళ్ళ పక్కనే ఒక గూటి మీద కూర్చుంది.

గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేదాకా ఇద్దరూ తిన్నె వదల్లేదు. కొన్ని గుడ్లు పగల్లేదు. వాటిని గంగులు ఇసుకలో పూడ్చాడు.

ఆ తర్వాత మరో తెప్ప కట్టుకున్నారు. చుక్కమ్మ ముందు ఎగురుతూ ఎడమపాయలో వాళ్ళను భద్రంగా దాటించింది. చేపల గుంపు ఎక్కడ కనిపించినా తీతువులు గంగులుకు కబురు చెప్పేవి. నేరేడు తోపులో ఈరన్న కడుపు పగిలేలా పళ్ళు తిన్నాడు.

పెద్దేటి ఒడ్డున ఒక పొదలోంచి వీరబాహుడు కుంటుకుంటూ బయటికి వచ్చాడు. పక్కటెముకలు లెక్కపెట్టేంత చిక్కిపోయాడు. అడుగు తీసి అడుగు వేస్తే చాలు, తీతువులు పైన చేరి గోల పెడుతున్నాయి. ఆ గోలకు పిట్టలన్నీ ఎగిరిపోతున్నాయి. ఎన్నాళ్ళుగానో అతని నోటికి ఒక్క పూరేడు కూడా అందలేదు.

"గంగులూ, ఆకలేస్తోందిరా. నన్నూ ఎక్కించుకో. మనం స్నేహితులం కదా," అన్నాడు.

గంగులు ఒక బొచ్చెను ఒడ్డు మీదికి విసిరాడు.

"ఆకలన్నావు కాబట్టి చేప ఇచ్చాను. తిను. తెప్ప మీద మాత్రం నీకు చోటు లేదు."

ఈరన్న గెడ వేశాడు. తెప్ప కదిలిపోయింది.

నీతి: ఆకలి కోసం వేటాడేవాడికి అడవి తిండి పెడుతుంది, గొప్ప కోసం చంపేవాడు తిండినీ, తోడునీ రెండింటినీ పోగొట్టుకుంటాడు.